సెయింట్ లాంబర్ట్ పిల్లలు, మన పిల్లలు

కెనడాలో క్వెబెక్ ఫ్రెంచివారు అధికంగా ఉన్న రాష్ట్రం. మాంట్రియల్ పక్కనే ఉన్న సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు కుటుంబాల పిల్లలు ఏళ్ల తరబడి ఫ్రెంచిని ఒక పాఠంగా చదివేవారు. అయినా పొరుగువారితో నాలుగు మాటలు మాట్లాడలేకపోయేవారు. తల్లిదండ్రులు పట్టుబట్టగా 1965 సెప్టెంబరులో అక్కడొక శిశుతరగతిని పూర్తిగా ఫ్రెంచిలో ప్రారంభించారు. పై తరగతుల్లో లెక్కలు కూడా ఫ్రెంచిలోనే నేర్పారు. ఇంగ్లీషు చదవడం, రాయడం రెండవ తరగతిలో గాని మొదలుకాలేదు. భాషను విడిగా బోధించకుండా, విషయాన్ని ఆ భాషలోనే బోధించడం ఇందులోని కిటుకు.

మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాలెస్ లాంబర్ట్, రిచర్డ్ టక్కర్ ఆ పిల్లలను ఏటేటా పరీక్షించి 1972లో గ్రంథం వెలువరించారు. పిల్లలు లెక్కల్లో వెనకబడలేదు. ఇంగ్లీషు చదవడంలో మొదట వెనకబడినా త్వరలోనే అందుకున్నారు. ఫ్రెంచి వింటే చక్కగా అర్థమయ్యేది గాని, మాట్లాడేటప్పుడు వ్యాకరణదోషాలు మిగిలాయి. (ఈ చివరి సంగతిని ప్రచారకులు తరచు దాటవేస్తారు.)

ఈ ఫలితాలు చూపించి మన పిల్లలనూ పరభాషా మాధ్యమంలో చేర్చమనేవారున్నారు. ఆ పిల్లల ఇంటిభాష ఇంగ్లీషు. బడి పట్టించుకోకపోయినా దానికి ఖండమంతటా లోటు లేదు. లాంబర్టే తరువాత ఈ భేదాన్ని స్పష్టపరిచారు: ఉన్న భాషకు మరొకటి చేరడం వేరు, ఉన్నదాన్ని తోసివేసి మరొకటి రావడం వేరు. హోసూరు తెలుగు పిల్లలది రెండవ స్థితి. తమిళనాడు 2006లో చేసిన చట్టం తెలుగును ఐచ్ఛిక స్థానానికి నెట్టింది. కాబట్టి సెయింట్ లాంబర్ట్ పద్ధతిని మనం తిరగవేసి వాడుకోవాలి. పరిసరాల విజ్ఞానమో, ఊరి చరిత్రో, ఒక్క విషయాన్నైనా తెలుగులో బోధించాలి.