ఆల్స్‌మేర్ పూల వేలం: గడియారమా, కట్టుబాటా?

కాడతో కోసి అమ్మే పూల వ్యాపారంలో, అంటే కట్ ఫ్లవర్స్ వ్యాపారంలో, రైతు ప్రధాన శత్రువు కాలం. వడ్లను గాదెలో పోసి ధర కోసం వేచి ఉండవచ్చు. ఉదయం కోసిన గులాబీకి ఆ వెసులుబాటు లేదు. ఈ సంగతి ఎరిగిన కొనుగోలుదారుడు తొందరపడడు. నెదర్లాండ్స్‌లోని ఆల్స్‌మేర్ సాగుదారులు ఈ అసమానతను ఎదుర్కొన్న తీరు చరిత్రకారులు గమనింపదగినది.

1887లో బ్రూక్ ఆప్ లాంగెడైక్‌లో కూరగాయలకు ఆరంభమైన వేలం పద్ధతి క్రమంగా పూలకు విస్తరించింది. ఆల్స్‌మేర్‌లో 1911 చివర, 1912 ఆరంభంలో కొద్ది వారాల తేడాతో రెండు వేలం సంఘాలు ఏర్పడ్డాయి. రెండూ సాగుదారుల సహకార సంఘాలే. అవి 1968లో విలీనమై, 1972లో స్కిపోల్ విమానాశ్రయానికి చేరువలో ఉమ్మడి భవనంలోకి మారాయి.

ఈ వేలానికి పేరు తెచ్చినది గడియారం. మన వేలంపాటలో ధర పాటపాటకూ పెరుగుతుంది. అక్కడ పాటే లేదు: ముల్లు అధిక ధర నుండి కిందికి దిగుతుండగా మొదట మీట నొక్కినవానికే సరుకు దక్కుతుంది. ఒక్క నిర్ణయంతో బేరం ముగుస్తుంది కనుక వాడిపోయే సరుకుకు ఈ వేగం ఎంతో విలువైనది. అయితే రైతుకు మంచి ధర దక్కడానికి గడియారమే కారణమనడం తొందరపాటు. కొన్ని నియత పరిస్థితులలో ఈ పద్ధతీ, మూసిన కవర్లలో ధరలు కోరే పద్ధతీ వ్యూహపరంగా సమానమేనని విలియం విక్రీ 1961లోనే నిరూపించాడు. రైతుకు బలమిచ్చినది, నా దృష్టిలో, అంతగా ప్రసిద్ధి పొందని కట్టుబాటు: సభ్యుడు తన పంటను వేలం ద్వారానే అమ్మవలసి ఉండేది. కనీస ధర పలకని పూలను నాశనం చేసేవారు. దొడ్డిదారిన చౌకగా కొనే అవకాశం కొనుగోలుదారుకు అలా తగ్గింది.

ఆ కట్టుబాటుకు పరీక్ష వెలుపలి నుండి వచ్చింది. కెన్యా తదితర దేశాల గులాబీలు వెల్లువెత్తగా, 1994లో వేలం సంఘాలు విదేశీ సాగుదారుల సరఫరాపై ఆంక్షలు విధించాయి. దిగుమతిదారులు ఊరకుండలేదు. 1995లో టెలి ఫ్లవర్ ఆక్షన్ ఆరంభమైంది. అందులో పూలు గోదాములోనే ఉండేవి. కొనుగోలుదారు తన కార్యాలయంలో కంప్యూటర్ తెరపై గడియారాన్ని చూస్తూ కొనేవాడు. యంత్రాన్ని అనుకరించడం అంత సులువైంది. సభ్యుల విధేయతను అలా నకలు చేయడం సాధ్యం కాదు. అప్పటికే నైవాషా సరస్సు తీరపు పెద్ద తోటలు గడియారాన్నే పక్కనపెట్టి, బ్రిటన్ సూపర్‌మార్కెట్లకు ముందే కుదిరిన ధరలకు నేరుగా పూలు పంపడం మొదలుపెట్టాయి.