పచ్చి యిటుక చరిత్ర

ఇనుము, సిమెంటు లేనిదే యిల్లు నిలువదను అభిప్రాయము నేడు పల్లెలలో సైతము వ్యాపించినది. అది యెంతవరకు సత్యమో ఐగుప్తు దేశచరిత్ర చెప్పగలదు.

ఐగుప్తునందు మహాదేవాలయములు రాతికట్టడములు. రాజుల నగళ్లు మొదలు రైతుల యిండ్లవరకు తక్కినవి పచ్చి యిటుకతోనే లేచినవి. నీలనది విడిచిన ఒండ్రుమట్టిలో ఇసుకను, తరిగిన గడ్డిని కలిపి, నీటితో త్రొక్కి, కొయ్య అచ్చున పోసి, ఎండలో ఆరబెట్టుదురు. గడ్డి కలిసినందున ఆరునపుడు ఇటుక అంతగా బీటలు వారదు. ఆ ఇటుకకు ప్రాచీన ఐగుప్తు భాషలోని పేరే అరబ్బుల నోట 'తూబ్' అయి, స్పెయినున 'అడోబె'యై, అచటినుండి అమెరికా ఖండమునకు చేరినది.

గోడ సులభమే, కప్పు కష్టము. ఐగుప్తున మంచి కలప అరుదు. వంపు కప్పు కట్టవలెనన్నను, అది బిగియువరకు క్రింద కొయ్యచట్రము ఆనికగా నుండవలెను. నూబియా మేస్త్రులు ఈ చిక్కును విడదీసిరి. ముందుగా వెనుకగోడను ఎత్తుగా లేపి, దానిపై వంపును మట్టితో తీర్చి, మొదటి ఇటుకల వరుసను దానికి వాల్చి అమర్చుదురు. ప్రతి వరుసయు వెనుకటి వరుసకు వాలును. ఈ ఇటుకలలో గడ్డి పాలు హెచ్చు గనుక బరువు తక్కువ. పచ్చిగా నున్నపుడే వ్రేళ్లతో చాళ్లు తీయుదురు గనుక తడిమట్టిని అంటిపెట్టుకొనును. ఇట్లు చట్రము లేకయే కప్పు ముగియును. రెండవ రామెసెస్ ఆలయముచెంత క్రీ. పూ. 13వ శతాబ్దిన కట్టిన మట్టి వంపుల కొట్లలో కొన్ని నేటికిని నిలిచియున్నవి.

రెండవ ప్రపంచయుద్ధకాలమున ఇనుము, కలప దొరకనపుడు, హసన్ ఫాతీ (1900–1989) అను వాస్తుశిల్పి ఈ విద్య నూబియా మేస్త్రులయొద్ద సజీవముగా నుండుట కనుగొనెను. పురాతన సమాధులపై కాపురముండిన గుర్నా ప్రజలను తరలింప ప్రభుత్వము తలపెట్టగా, లక్సరు సమీపమున 1946లో ఆయన ఆ మేస్త్రులచే క్రొత్త గ్రామమును ప్రారంభించెను. కట్టడము తక్కువ వ్యయముతో అందముగా లేచినది. కాని జనులు రాలేదు. వారి జీవనము పాత తావుతో ముడిపడియుండెను. గుమ్మటమన్న వారికి సమాధియే తోచెను. గ్రామము కొంతభాగమే పూర్తియయ్యెను. తరువాత నేలచెమ్మ యెక్కి పెక్కిండ్లు చెడినవి. 1969లో ఫాతీ ఈ వృత్తాంతమును గ్రంథముగా ప్రకటించెను.

దీనివలన రెండు సంగతులు తేలుచున్నవి. మట్టికి శత్రువు కాలము కాదు, నీరు. మన పెద్దలు ఎత్తయిన అరుగు వేసి, చూరు దించి, ఏటేట గోడ అలికించుట ఇందులకే. రెండవది, ఇంటివారి మనస్సెరుగక కట్టిన యిల్లు ఎంత చక్కనిదైనను శూన్యముగా నుండును.

నూబియా విద్యను కాపాడినది గ్రంథములు కావు, పనివారి చేతులు. మీ గ్రామమున గోడ పెట్టుట నెరిగిన వృద్ధు డొక్కడున్నను, అతనిచెంత నొక యువకుని నిలుపుడు. ఆ చేయి ఆగినచో ఆ విద్యయు నాగును.