వాడిన జంపింగ్ జీను ఎంపిక

జంపింగ్ జీను అనేది గుర్రం చేత అడ్డంకులను దాటించే అశ్వక్రీడలో వాడే ప్రత్యేకమైన జీను. కొత్త జీను ఖరీదైన వస్తువు. పిల్లలేమో ఏటేటా ఎదుగుతారు. అందువలన ఎదిగే వయసులో ఉన్న రౌతు కోసం చాలా కుటుంబాలు ఒకరు వాడిన జీనునే కొంటాయి. ఈ ఎంపికలో పొరపాటు జరిగితే డబ్బు వృథా కావడంతో ఆగదు. గుర్రం వీపు పుండ్లు పడుతుంది, రౌతు పడిపోయే ప్రమాదమూ ఉంది. జీను గుర్రం వీపుకు కుదరడం మొదటి నియమం, లోపలి చట్రం దృఢంగా ఉండటం రెండవది, రౌతు కొలతకు సరిపోవడం మూడవది. హైదరాబాదు పాతబస్తీ, దాని పరిసరాలలో పలు రకాల జీనులు వాడుకలో ఉన్నందున, వాటి నుండి జంపింగ్ జీనును వేరుగా గుర్తించడం వీటన్నిటికంటే ముందు చేయవలసిన పని.

పేరు, భాగాలు

జీను అనే మాట పారశీకం నుండి వచ్చింది. రికాబు, లగాము అనే మాటలు కూడా దక్కనీ ఉర్దూలోనూ, తెలుగులోనూ వాడుకలో ఉన్నాయి. పాత తెలుగులో జీనును పల్యాణమనీ, రికాబును అంకవన్నె అనీ అనేవారు.

జీనుకు ఆధారం దాని లోపలి చట్రం. దీనిని బీచ్ కలప పొరలతోనూ ఉక్కు పట్టీలతోనూ, లేదా గట్టి ప్లాస్టిక్ వంటి కృత్రిమ పదార్థంతోనూ తయారుచేస్తారు. చట్రంపైన ఆసనం, ఇరుపక్కల ఫ్లాపులు అనే తోలు రెక్కలు, అడుగున ఉన్ని లేదా ఫోమ్ నింపిన రెండు మెత్తలు ఉంటాయి. మెత్తల నడుమ ఉండే ఖాళీ వలన వెన్నెముకపై బరువు పడదు. జీనును గుర్రానికి బిగించే కడుపుపట్టీని గర్త్ అంటారు.

చరిత్ర

పూర్వం అడ్డంకులు దాటేటప్పుడు రౌతులు వెనుకకు వాలి కూర్చునేవారు. ఇటలీ అశ్వికదళ అధికారి ఫెడెరికో కాప్రిల్లి (1868 - 1907) గుర్రం కదలికను అనుసరించి ముందుకు వంగే పద్ధతిని రూపొందించాడు. ఈ పద్ధతిలో రికాబులు పొట్టిగా ఉంటాయి, మోకాలు బాగా వంగి ముందుకు వస్తుంది. దానికి తగినట్లు ఫ్లాపులను ముందుకు వంపు తిప్పి, మోకాలికి ఆనుకొనే దిండును చేర్చడంతో నేటి జంపింగ్ జీను రూపొందింది.

హైదరాబాదులో కనిపించే జీనులు

మూసీ నదికి దక్షిణాన, పాతబస్తీకి చేరువలో ఉన్న మలక్‌పేట గుర్రపు పందేలకు పేరుపొందింది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో, పందేలు మౌలాలి నుండి ఇక్కడికి మారాయి. పాతబస్తీకి నైరుతి దిక్కున శివరాంపల్లిలో సర్దార్ వల్లభభాయి పటేల్ జాతీయ పోలీసు అకాడమీ ఉంది. 1948లో మౌంట్ అబూలో మొదలైన ఈ సంస్థ 1975లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఇక్కడి ఐపీఎస్ శిక్షణలో గుర్రపు స్వారీ ఒక భాగం. నిజాం కాలం నుండి నగరంలో పోలో ఆట కూడా ఉంది. పెళ్ళి ఊరేగింపులలో వరుడు గుర్రమెక్కడం పాతబస్తీ వీధులలో తరచుగా కనిపించే దృశ్యం. ఈ ఒక్కొక్క అవసరానికి ఒక్కొక్క రకం జీను ఉంది.

• పందెపు జీను: చాలా తేలికైనది, బరువు తరచుగా ఒక కిలో లోపే. చట్రం పూర్తిగా ఉండదు. జాకీ ఆసనంపై కూర్చోడు కనుక ఇది జంపింగ్ నేర్చుకొనే పిల్లలకు పనికిరాదు.
• పోలో జీను: ఆసనం చదునుగా, ఫ్లాపులు పొడవుగా నిటారుగా ఉంటాయి. మోకాలికి ఆధారం ఉండదు.
• సైనిక, పోలీసు జీను: దీర్ఘ ప్రయాణానికీ సామాను మోయడానికీ చేసినది. బరువైనది, ముందుకు వంగి స్వారీ చేయడానికి అనువు కాదు.
• ఊరేగింపు జీను: జరీ, అద్దాలు, ముఖమలుతో అలంకరించినది. నడకకు మాత్రమే తగినది.

జంపింగ్ జీనును ముందుకు వంగిన ఫ్లాపు, మోకాలి దిండు, అంత లోతు లేని ఆసనం బట్టి గుర్తించవచ్చు. భారతదేశంలో జీనుల తయారీకి కాన్పూరు ప్రధాన కేంద్రం. కాన్పూరు జీనులు భౌగోళిక గుర్తింపు కూడా పొందాయి.

గుర్రానికి కుదరడం

స్వారీ పాఠశాలలలో పందేల నుండి విరమించిన థరోబ్రెడ్ గుర్రాలు తరచుగా కనిపిస్తాయి. వీటికి సాధారణంగా మూపు ఎత్తుగా, వీపు సన్నగా ఉంటుంది. వెడల్పు చట్రం గల జీను వేస్తే ముందు భాగం కిందికి దిగి మూపుకు రాసుకుంటుంది. ఇరుకు జీను వేస్తే భుజాల వెనుక కండరాలను నొక్కుతుంది. కింద మెత్త వేయకుండా జీనును ఒంటి వీపుపై ఉంచి ఈ క్రింది అంశాలను పరిశీలించాలి.

• రౌతు ఎక్కిన తరువాత కూడా మూపుకూ జీనుకూ నడుమ రెండు మూడు వేళ్ళ ఎడం ఉండాలి.
• జీను భుజపుటెముక కదలికకు అడ్డు రాకూడదు.
• గుర్రానికి 18 జతల పక్కటెముకలు ఉంటాయి. బరువు మోసే భాగం చివరి పక్కటెముకను దాటి నడుముపైకి పోకూడదు.
• అడుగు మెత్తలు పొడవునా సమంగా ఆనాలి. నడుమ ఖాళీ ఉన్నా, ఉయ్యాలలా ఊగినా కుదరనట్లే.

స్వారీ తరువాత చెమట మరకలు కూడా సాక్ష్యమిస్తాయి. వెన్నెముక వెంట పొడిగా ఉండటం సహజం. మెత్తల కింద తడిసిన చోట నడుమ చిన్న పొడి మచ్చ కనిపిస్తే అక్కడ ఒత్తిడి ఎక్కువైనదని అనుమానించాలి. జీను ఆనే చోట మొలిచిన తెల్ల వెంట్రుకలు పాత గాయానికి గుర్తు. ఇరుకైన జీను కింద మందపాటి మెత్త వేయడం పరిష్కారం కాదు. అది ఇరుకు జోడులో గుడ్డ కుక్కినట్లే అవుతుంది.

పాఠశాలలో రోజుకొక గుర్రం ఎక్కే పిల్లలకు అన్నిటికీ కుదిరే జీను దొరకదు. ముందు వెడల్పును మార్చుకొనే ఏర్పాటు ఉన్న జీనులు ఇటువంటి సందర్భంలో కొంతవరకు ఉపయోగపడతాయి. ఆస్ట్రేలియాకు చెందిన వింటెక్, బేట్స్ జీనులు ఈ కోవలోనివి. అవి కూడా వెడల్పును మార్చగలవే కాని, చట్రం వంపును మార్చలేవు. గుర్రం స్థిరపడే వరకు పాఠశాల జీనునే వాడటం తప్పు కాదు.

చట్రం పరీక్ష

వాడిన జీనులో పట్టీలు, దారాలు, ఉన్ని మార్చుకోవచ్చు. విరిగిన చట్రాన్ని బాగుచేయడం మాత్రం సాధారణంగా గిట్టుబాటు కాదు. గుర్రం దానితో బోర్లా పడినా, జీను ఎత్తు నుండి జారిపడినా చట్రం విరగవచ్చు. పైన తోలు చెక్కుచెదరకుండా ఉంటుంది.

పరీక్షించేటప్పుడు ముందు వంపును పొట్టకు ఆనించి, వెనుక వంపును రెండు చేతులతో తనవైపు లాగాలి. స్ప్రింగు చట్రం కొద్దిగా వంగి వెంటనే యథాస్థితికి వస్తుంది. కిరకిర శబ్దం వచ్చినా, ఆసనం నడుమ అడ్డంగా లోతైన ముడత పడినా, ఒక పక్క ఎక్కువ వంగినా దానిని కొనకూడదు. తరువాత ముందు భాగపు రెండు కొసలను లోపలికి నొక్కి చూడాలి; అక్కడ కదలిక ఉండరాదు. చివరగా జీనును తిరగవేసి వెనుక నుండి చూస్తే రెండు మెత్తలూ, నడుమ ఖాళీ ఒకే తీరుగా కనిపించాలి.

ఎదిగే రౌతు కొలతలు

ఇంగ్లీషు జీనుల ఆసనాన్ని అంగుళాలలో కొలుస్తారు. ముందు పక్కన ఉండే మేకు తల నుండి వెనుక వంపు మధ్యభాగం వరకు ఉన్న దూరమే ఆ కొలత. పిల్లలవి సాధారణంగా 15 నుండి 16.5, పెద్దలవి 17 నుండి 18 అంగుళాలు. కుర్చీలో కూర్చోబెట్టి పిరుదు వెనుక నుండి మోకాలి చిప్ప వరకు తొడను కొలిచి సైజును అంచనా వేస్తారు. కూర్చున్నప్పుడు వెనుక నాలుగు వేళ్ళ చోటు మిగలడం మంచి గుర్తు.

యౌవనారంభంలో ఎదుగుదల వేగం బాలికలలో సుమారు 11 - 12 ఏళ్ళకు, బాలురలో 13 - 14 ఏళ్ళకు గరిష్ఠ స్థాయికి చేరుతుంది. ఆ కాలంలో ఏడాదికి 8 నుండి 10 సెంటీమీటర్లు పెరగవచ్చు. మొదట కాళ్ళు పొడవవుతాయి, మొండెం తరువాత పెరుగుతుంది. అందువలన పిల్లలకు ఆసనం కంటే ముందు ఫ్లాపు చాలకుండా పోతుంది. రికాబులను జంపింగ్ ఎత్తుకు కుదించి కూర్చున్నప్పుడు మోకాలు ఫ్లాపు అంచును దాటితే ఆ జీను చిన్నదైనట్లే. ఎదుగుదల కోసం మోకాలి ముందు రెండు మూడు వేళ్ళ చోటు మిగిలేలా ఎంచుకోవడం మేలు.

ఆసనం విషయంలో అర అంగుళం పెద్దది ఫర్వాలేదు. బడి దుస్తుల మాదిరిగా రెండు మూడేళ్ళకు సరిపోవాలని ఒక అంగుళానికి మించి పెద్దది కొనడం ప్రమాదకరం. అడ్డంకి దాటేటప్పుడు పిల్లవాడు వెనుకకు జారి గుర్రం నడుముపై పడతాడు; ఆ కుదుపుకు పట్టు కోసం లగామును లాగుతాడు. దానితో గుర్రం నోటికి, నడుముకు నొప్పి కలిగి, క్రమంగా అది అడ్డంకి ముందు ఆగిపోవడం నేర్చుకుంటుంది.

భద్రతా భాగాలు

రికాబు తోలుపట్టీ వేలాడే ఉక్కు కడ్డీ చివర చిన్న కొక్కెం ఉంటుంది. స్వారీలో దానిని తెరిచి ఉంచాలి. రౌతు పడి కాలు రికాబులో చిక్కుకుంటే పట్టీ వెనుకకు జారి ఊడివస్తుంది. తుప్పు పట్టి బిగుసుకున్న కొక్కేన్ని బాగుచేయించకుండా జీనును వాడకూడదు. రికాబు పాదం వెడల్పు కంటే సుమారు 2.5 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. పిల్లల పాదం కూడా పెరుగుతుంది కనుక దీనిని తరచుగా సరిచూడాలి. గర్తు తగిలించే పట్టీలలో సాగిన రంధ్రాలు, పగుళ్ళు, తెగిన కుట్లు ఉంటే పట్టీలను మార్పించాలి.

తోలు, వాతావరణం

హైదరాబాదులో వానాకాలపు తేమకు తోలుపై బూజు పడుతుంది. ఎండాకాలంలో నూనె ఆరి పగుళ్ళు వస్తాయి. ఫ్లాపును మడిచినప్పుడు సన్నని చీలికలు కనిపిస్తే తోలు ఎండిపోయినట్లు గ్రహించాలి. అధికంగా నూనె పూసి కొత్తదానిలా చూపిన జీనులో కుట్లను మరింత శ్రద్ధగా చూడాలి.

ఇంగ్లీషు జీనుల ఆసనానికి పూర్వం నుండి పంది తోలు వాడుతూ వచ్చారు. దీనిపై రోమ రంధ్రాలు మూడేసి గుంపులుగా కనిపిస్తాయి. మతాచారం రీత్యా పంది తోలును వర్జించే ముస్లిం కుటుంబాలు పాత జీను కొనేముందు ఈ విషయం విచారించుకోవలసి ఉంటుంది. తోలు వద్దనుకొనేవారికి కృత్రిమ పదార్థంతో చేసిన జీనులు లభిస్తాయి. ఇవి తేలికైనవి, నీటితో కడగవచ్చు, బూజు బెడద తక్కువ.

కొనుగోలు

జీనును గుర్రంపై వేసి, పిల్లల చేత నడక, దౌడు, చిన్న అడ్డంకి చేయించి, శిక్షకుని సమక్షంలో చూసిన తరువాతే కొనడం ఉత్తమం. ఫోటో చూసి కొంటే చట్రం పరీక్షకు వీలుండదు. ఉన్ని సర్దించడానికీ, పట్టీలు మార్చడానికీ అయ్యే ఖర్చును ధరలో కలిపి లెక్కించాలి. చట్రం బాగున్న జీనును శుభ్రంగా ఉంచితే, పిల్లలు ఎదిగిన తరువాత మరొక చిన్న రౌతుకు అమ్మవచ్చు.

ఇవి కూడా చూడండి

• గుర్రం
• గుర్రపు స్వారీ
• పోలో
• మలక్‌పేట
• పాతబస్తీ