వద్దనుకున్న జంతువు ఎక్కడికి పోతుంది? - బందెలదొడ్డి నుంచి ఆశ్రయ కేంద్రం దాకా

మీ ఊళ్లో 'బందెలదొడ్డి' అనే మాట ఇంకా వినిపిస్తుందా? న్యాల్‌కల్ వంటి ఊళ్లలో వయసు మళ్లిన రైతును అడిగి చూడండి. పక్కవాడి చేలో పడి మేసిన ఎద్దునో బర్రెనో పట్టుకొచ్చి దొడ్డిలో పెట్టేవారు. యజమాని వచ్చి జరిమానా, మేత ఖర్చు కట్టి విడిపించుకునేవాడు. సరిహద్దు దాటితే మరాఠీలో దీన్నే 'కోండ్‌వాడా' అంటారు. అయితే ఈ పాఠంలో మనకు కావలసింది విడిపించుకున్న పశువు కథ కాదు, ఎవరూ విడిపించుకోని పశువు కథ.

ఇవాళ నగరాల్లో పెంపుడు కుక్కను ఆశ్రయ కేంద్రం గేటు దగ్గరకు తెచ్చి అప్పగించేవారు చెప్పే కారణాలు మీరు వినే ఉంటారు. ఇల్లు మారుతున్నాం, పసిపిల్లకు దాని బొచ్చు పడటం లేదు, ముసలిదైపోయింది. అప్పగించినవారికి భారం తీరుతుంది. ఆ తరువాత ఆ జంతువుకు ఏమవుతుంది? ప్రశ్న కొత్తగా అనిపించవచ్చు కాని చాలా పాతది. పాత వ్యవస్థలు దీనికి ఇచ్చిన జవాబులను వరుసగా చూస్తే ఒక విషయం కనబడుతుంది. అమ్మితే డబ్బు వచ్చే జంతువుకు ఒక దారి, సమర్పిస్తే పుణ్యం వచ్చే జంతువుకు ఒక దారి, రెండూ లేనిదానికి మరో దారి ఉండేవి.

దొడ్డిలో పద్నాలుగు రోజులు

బ్రిటిష్ ఇండియాలో దొడ్లకు ఆధారం 1871 నాటి పశు అతిక్రమణ చట్టం. ఇక్కడ విద్యార్థులు ఒక జాగ్రత్త పాటించాలి. న్యాల్‌కల్ అప్పుడు నిజాం రాజ్యంలో ఉంది కాబట్టి బ్రిటిష్ చట్టం ఇక్కడికి నేరుగా వర్తించలేదు. పైగా 1956 వరకు న్యాల్‌కల్ సర్కిల్ బీదర్ జిల్లా బీదర్ తాలూకాలో భాగం. రాష్ట్రాల పునర్విభజనలో ఆ సర్కిల్‌ను విడిగా పేరు పెట్టి చెప్పి మరీ ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. ఆ తరువాత అది మెదక్ జిల్లాలోనూ, 2016 నుంచి సంగారెడ్డి జిల్లాలోనూ ఉంది. పాత కాగితాల కోసం వెతికేవారు సంగారెడ్డి దగ్గరే ఆగిపోతే సగం కథ దొరకదు. అయినా 1871 చట్టాన్ని మనం చదవాలి. దొడ్డి అనే వ్యవస్థ ఏ ఆలోచన మీద నిలబడిందో అంత స్పష్టంగా చెప్పే పత్రం మరొకటి అరుదు.

మూల చట్టంలో జరిమానాల పట్టిక ఉంది. ఏనుగుకు 2 రూపాయలు, ఒంటెకు, బర్రెకు 8 అణాలు, గుర్రానికి, ఎద్దుకు, ఆవుకు 4 అణాలు, దూడకు, గాడిదకు, పందికి 2 అణాలు, గొర్రెకు, మేకకు 1 అణా. ఏడు రోజుల్లో యజమాని రాకపోతే దొడ్డి కాపలాదారు దగ్గరి పోలీసు ఠాణాకు తెలపాలి. అక్కడివారు పశువు ఆనవాళ్లతో ప్రకటన అంటించాలి. పశువును పట్టుకున్న ఊళ్లోనూ, దగ్గరి అంగడిలోనూ డప్పు చాటింపు వేయించాలి. ఆ ప్రకటన తరువాత మరో ఏడు రోజులు చూసి బహిరంగ వేలం వేయాలి. పోలీసులు గాని, దొడ్డి కాపలాదారు గాని ఆ వేలంలో పశువును కొనకూడదు. చట్టం ఒక పనిని పేరు పెట్టి నిషేధించిందంటే, అది జరగవచ్చన్న అనుమానం దాన్ని రాసినవారికి ఉందని మనం ఊహించవచ్చు.

ఇప్పుడు అసలు చోటుకు వద్దాం. వేలంలో పశువుకు తగిన ధర రాదని జిల్లా మేజిస్ట్రేటు భావిస్తే, ఆయనకు తోచిన పద్ధతిలో దాన్ని వదిలించుకోవచ్చని అదే చట్టం అంటుంది. ఎలా వదిలించుకోవాలో చెప్పదు. ఏనుగు జరిమానా దగ్గర నుంచి మేకపిల్ల జరిమానా దాకా అణాలతో సహా లెక్కగట్టిన చట్టం, ఎవరికీ అక్కరలేని కుంటి ఎద్దు దగ్గరకు వచ్చేసరికి ఒక్క వాక్యంతో సరిపెట్టింది. ధర ఉన్నంతసేపూ పశువుకు నమోదు ఉంటుంది. ధర పోగానే అది కాగితం మీద నుంచి తప్పుకుంటుంది.

మొక్కు ద్వారా వచ్చిన పశువు

అంగడిలో అమ్ముడుపోని పశువుకు మన సమాజంలో ఇంకొక గుమ్మం ఉంది, గుడి. జంతువుల సంరక్షణ అనగానే చాలామంది విద్యార్థులు అశోకుడి దగ్గర మొదలుపెడతారు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో కూడా ఉన్న రెండవ శిలాశాసనం మనుషులకు, పశువులకు చికిత్స ఏర్పాటు గురించి చెబుతుంది. కాని అది వైద్యం మాట, ఔషధ మొక్కల మాట. యజమాని వద్దనుకున్న పశువుకు ఆశ్రయం ఇచ్చే సంస్థ అందులో లేదు. ఆ సంస్థను గుజరాత్‌లోని పింజ్రాపోల్‌లలో చూస్తాం. 1623లో ఖంబాత్ వచ్చిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే అక్కడి పక్షుల ఆసుపత్రిని చూసి వర్ణించాడు. పింజ్రాపోల్‌లను నడిపింది ప్రధానంగా జైన, వైష్ణవ వర్తకులు. వాటి ఖర్చు వ్యాపారం మీద వేసుకున్న చందాల నుంచి వచ్చేది.

మన ప్రాంతంలో దీనికి దగ్గరగా కనబడేది వేములవాడ రాజరాజేశ్వరస్వామి గుడిలోని కోడె మొక్కు. టికెట్ తీసుకుని గుడి కోడెనే ప్రదక్షిణ చేయించి కట్టేసే భక్తులు కొందరు. ఇంటి నుంచి కోడెను తెచ్చి సమర్పించేవారు మరికొందరు. ఈ రెండో రకంతోనే కోడెల సంఖ్య పెరుగుతూ పోతుంది. వాటిని తిప్పాపూర్ గోశాలలో ఉంచుతారు. సింహాచలంలోనూ ఇటువంటి మొక్కే ఉంది. అక్కడికి కోడెదూడలు వస్తాయి. పాలు మరవకముందే తల్లి నుంచి వేరుచేసి తెచ్చిన దూడ బతకడం కష్టం. విశాఖలోని జంతు సంరక్షణ సంఘం ఏళ్లుగా ఈ దూడల గురించి పనిచేస్తున్నది.

మొక్కును ఎగతాళి చేయడం ఈ పాఠం ఉద్దేశం కాదు. కోడెను ఇచ్చే రైతు భక్తితోనే ఇస్తాడు. కాని ఆ రైతు జీవితంలో వచ్చిన మార్పును పక్కన పెట్టి కోడెల సంఖ్యను అర్థం చేసుకోలేం. బీదర్, లాతూర్ వైపు పుట్టిన దేవణి జాతి ఎద్దులు ఒకప్పుడు ఈ నల్లరేగడి సేద్యానికి ఆధారం. ట్రాక్టరు వచ్చాక ఎద్దు పని తగ్గింది. పాలిచ్చే పశువుకు పుట్టిన కోడెదూడ ఇంటికి మేత ఖర్చుగా మిగిలింది. 1977లో ఉమ్మడి రాష్ట్రం గోవధ నిషేధ, పశు సంరక్షణ చట్టం చేసి ఆవుల, దూడల వధను నిషేధించింది. అమ్మే దారి ఇరుకైనప్పుడు సమర్పించే దారి మీద ఒత్తిడి పెరుగుతుంది. 2025 వేసవిలో తిప్పాపూర్ గోశాలలో కోడెలు చనిపోయినప్పుడు బయటపడింది ఈ ఒత్తిడే. కిక్కిరిసిన కొట్టం, వాన, బురద, చాలీచాలని ఎండుగడ్డి. తరువాత కోడెలను రైతులకు పంచారు. అంటే రైతు ఇంటి నుంచి గుడికి వెళ్లిన కోడె మళ్లీ రైతు ఇంటికే చేరింది.

కుక్కకు దొడ్డి లేదు

1871 చట్టంలోని జంతువుల జాబితాను మరోసారి చూడండి. అందులో ఏనుగు, ఒంటె కూడా ఉన్నాయి, కుక్క లేదు. వేలంలో దానికి ధర రాదు, గుడిలో దానికి మొక్కు లేదు. మరి కుక్కను ఏం చేశారు?

దీనికి మనం కాసేపు లండన్ వెళ్లాలి. 1860లో మేరీ టీల్బీ అనే మహిళ హాలోవేలో దిక్కులేని కుక్కల కోసం ఒక ఆశ్రయం తెరిచారు. 1871లో, అంటే ఇక్కడ పశు అతిక్రమణ చట్టం వచ్చిన ఏడాదే, అది బాటర్సీకి మారింది. తెచ్చి వదిలే కుక్కలు ఎక్కువ, తీసుకుపోయేవారు తక్కువ. 1884లో బెంజమిన్ వార్డ్ రిచర్డ్‌సన్ అనే వైద్యుడు వాటి కోసం మత్తువాయువుతో నొప్పి తెలియకుండా చంపే గదిని తయారుచేశాడు. దాని పేరు 'లీథల్ ఛాంబర్'. న్యూయార్క్‌లో కుక్కలను ఇనుప పంజరంలో పెట్టి నదిలో ముంచేవారు. 1894లో జంతు సంరక్షణ సంఘం ఆ బాధ్యత తీసుకున్నాక అక్కడా వాయువు గదే వచ్చింది. మంచి ఉద్దేశంతో కట్టిన ఇంట్లోనే చంపే గది కూడా వెలిసిందన్నది మీరు మరచిపోకూడని విషయం. ఆ సంఘాలవారు దాన్ని దయగానే భావించారు. నదిలో ముంచడంతో పోలిస్తే వారి మాటను కొట్టిపారేయలేం.

ఆ పేరు మన చట్టంలోకి కూడా వచ్చింది. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో రెండు నిబంధనలను పక్కపక్కన పెట్టి చదవండి. ఆకలిదప్పులతో బాధపడేలా జంతువును కారణం లేకుండా వదిలేయడం నేరం. మొదటిసారి చేసినవారికి 10 నుంచి 50 రూపాయల జరిమానా. అదే సెక్షన్‌లో, వీధికుక్కలను లీథల్ ఛాంబర్‌లో చంపడం నేరం కాదన్న మినహాయింపు. ఇంటికుక్కను వీధిలో వదిలినవాడికి యాభై రూపాయలతో సరి. వీధిలో పడ్డ కుక్కకు ప్రాణమే పోవచ్చు.

ఈ పరిస్థితిని మార్చే ప్రయత్నం మద్రాసులో మొదలైంది. 1959లో ఏర్పడిన బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా, 1964 నుంచి చంపడానికి బదులు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేయడాన్ని ముందుకు తెచ్చింది. హైదరాబాద్ బ్లూ క్రాస్‌ను 1992లో అక్కినేని అమల స్థాపించారు. 2001లో కేంద్రం జంతు జనన నియంత్రణ నిబంధనలు తెచ్చింది. కుక్కను పట్టాలి, ఆపరేషన్ చేయాలి, రేబిస్ టీకా వేయాలి, పట్టిన చోటే వదలాలి. 2023లో వచ్చిన కొత్త నిబంధనలూ ఈ పద్ధతినే కొనసాగించాయి. 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కలన్నింటినీ ఆశ్రయ కేంద్రాలకు తరలించాలని సుప్రీంకోర్టు ఆదేశించి, 22న ఆ ఆదేశాన్ని సవరించింది. వాదం ఇంకా ముగియలేదు.

అప్పగించిన తరువాత

పట్టిన చోటే వదలడం వీధిలో పుట్టిన కుక్కకు కుదురుతుంది. సోఫా మీద పెరిగిన కుక్కకు 'పట్టిన చోటు' ఏది? దానికి వీధి తెలియదు, వీధికుక్కల గుంపు దాన్ని రానివ్వదు. అందుకే ఇంటి నుంచి వచ్చిన జంతువు ఆశ్రయ కేంద్రానికి అన్నిటికన్నా కష్టమైన అతిథి. ముందు కొన్ని రోజులు విడిగా ఉంచాలి, లేకపోతే పార్వో, డిస్టెంపర్ వంటి అంటురోగాలు గదులన్నీ చుట్టేస్తాయి. టీకాలు, ఆపరేషన్ అయ్యాక దత్తతకు పెడతారు. కూనలను ఎవరైనా అడుగుతారు. ఎనిమిదేళ్ల కుక్కను అడిగేవారు అరుదు. నయం కాని జబ్బు ఉంటే తప్ప ప్రాణం తీయడానికి నిబంధనలు ఒప్పుకోవు కాబట్టి అది అక్కడే ముసలిదవుతుంది. దాని గది ఖాళీ కాదు, కొత్తగా వచ్చేదానికి చోటుండదు. అప్పుడు కేంద్రం 'ఇక తీసుకోలేం' అంటుంది. అలా వెనక్కి పంపిన కుక్క ఊరి చివర చెరువుగట్టున దిగబడిన సందర్భాలకు లెక్క ఏ దస్త్రంలోనూ ఉండదు. తిప్పాపూర్ కొట్టంలో చూసిన చిక్కే ఇక్కడా ఉంది.

ప్రతి జిల్లాలో జంతు హింస నివారణ సంఘం ఉండాలని, దాని కింద ఆసుపత్రి, ఆశ్రయం ఉండాలని 2001 నాటి మరో నిబంధనల సంపుటి చెబుతుంది. సంగారెడ్డి జిల్లాకూ ఇది వర్తిస్తుంది.

క్షేత్ర అభ్యాసం: మీ ఊళ్లో గాని, న్యాల్‌కల్ మండలంలోని ఏదైనా ఒక ఊళ్లో గాని బందెలదొడ్డి ఉన్న స్థలాన్ని గుర్తించండి. అక్కడ ఇప్పుడు ఏముంది? దొడ్డి నుంచి పశువును విడిపించుకున్న ఇద్దరితో మాట్లాడి, ఎంత కట్టారో, ఎక్కడ రసీదు ఇచ్చారో రాసుకోండి. తరువాత, ఎవరూ విడిపించుకోని పశువు ఏమైందని అడగండి. 'అంగడికి తోలారు' అనేవారు ఉంటారు, 'గుడికి ఇచ్చారు' అనేవారు ఉంటారు. 'ఏమో, చూడలేదు' అన్నవారి మాటను కూడా వదలకుండా రాయండి.