కోరుట్ల నుంచి కాజీపేటకు: మన వైపు పిల్లలు బోర్డింగుకు ఎందుకొచ్చారు?

మన బడి చరిత్ర రాయమంటే చాలామంది 1955తో మొదలుపెడతారు. మాంట్‌ఫోర్ట్ బ్రదర్లు కాజీపేటలో సెయింట్ గాబ్రియేల్ హైస్కూలు తెరిచిన సంవత్సరం అది. భవనాలు, హెడ్మాస్టర్లు, పదో తరగతి ఫలితాలు, ఆటల కప్పుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఈ సంచికలో రాస్తున్నారు. నేను రాయదలచింది వేరే సంగతి. బోర్డింగులో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పిల్లలం ఉండేవాళ్లం. వంద కిలోమీటర్లకు పైగా దూరం. దాదాపు అందరం కాథలిక్కులం కాని ఇళ్లవాళ్లం. అప్పటిదాకా చర్చి గడప తొక్కని తల్లిదండ్రులు తమ పిల్లల్ని బ్రదర్ల చేతుల్లో ఎందుకు పెట్టారన్నది నాకు ఇంజనీరయ్యాక, అంటే కారణం లేనిదే ఏదీ కదలదని నేర్చుకున్నాక, పట్టుకున్న ప్రశ్న.

నిజాం కాలంలో మన ప్రాంతంలో చదువంటే ఉర్దూ. ఖాన్గీ బడి, అంటే ప్రైవేటు బడి, పెట్టాలన్నా సర్కారు అనుమతి కావాలి. సిరిసిల్ల దగ్గరి హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డి గారి చదువు ఉర్దూ మాధ్యమంలోనే సాగింది. ఆయన తర్వాత తెలుగు ఆచార్యుడై, 1988 జ్ఞానపీఠం అందుకున్నారు. మా తాత పట్వారీ కాగితాల మీద ఉర్దూలోనే సంతకం చేసేవాడు. 1948 సెప్టెంబరు తర్వాత ఆ భాష కచేరీల నుంచి మెల్లగా తప్పుకుంది, తెలుగు వచ్చింది. అయితే పెద్ద కొలువులకు తెలుగు చాలదని, రేపు ఇంగ్లీషుదేనని ఊళ్లో నాలుగక్షరాలు తెలిసినవాళ్లకు అప్పుడే అర్థమైంది. ఒక్క తరంలో పాలకుల భాష మారిపోవడం కళ్లారా చూసినవాళ్లు వాళ్లు. మూడోసారి వెనకబడకూడదనుకున్నారు. ఇంగ్లీషు మోజు అని మనం తేలిగ్గా అనేస్తాం గాని, నా లెక్కలో అది మోజు కన్నా భయం ఎక్కువ.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాథలిక్కుల వైపు ఒక మార్పు జరిగింది. 1952 డిసెంబరులో హైదరాబాదు మేత్రాసనం నుంచి వరంగల్ మేత్రాసనం వేరుపడింది. మన కరీంనగర్ జిల్లా దాని కిందికే వచ్చింది. మొదటి మేత్రాణులు అల్ఫోన్సో బెరెత్తా, ఇటలీ దేశపు మిలాను నగరంలో ఉన్న పీమే సంఘానికి చెందినవారు. 1953 నుంచి 1985 దాకా, ముప్ఫై రెండేళ్లు ఆయనే. మేత్రాసనానికి కేంద్రం కాజీపేట కావడంలో వింతేమీ లేదు. రైల్వే జంక్షను, ఉద్యోగుల్లో ఆంగ్లో ఇండియన్లు, తమిళులు, వారిలో కాథలిక్కులు ఉండేవారు. పోర్చుగల్‌లోని ఫాతిమా పేరు మీద మన ఫాతిమానగర్ వెలిసింది.

బడి నడపడానికి వచ్చిన బ్రదర్లది వేరే సంఘం. దాని మూలం ఫ్రాన్సులో. 1716లో కన్నుమూసిన లూయీ మరీ ద మాంట్‌ఫోర్ట్‌ను వాళ్లు తమ మూలపురుషుడిగా తలుస్తారు. పంతొమ్మిదో శతాబ్దంలో గాబ్రియేల్ దెషే అనే గురువు ఆ సంఘాన్ని మళ్లీ నిలబెట్టాడు. 1903లో వాళ్లు భారతదేశానికి వచ్చారు. 1953లో హైదరాబాదు ఆబిడ్స్‌లో లిటిల్ ఫ్లవర్, మరి రెండేళ్లకు మన బడి. బ్రదర్లు గురువులు కారు, పూజ చేయరు, పాఠం చెప్పడమే వాళ్ల వ్రతం. ఈ తేడా మా ఇళ్లలో ఎవరికీ తెలియదు. తెల్ల అంగీ కనిపిస్తే అందరినీ 'ఫాదరు' అనేవారు, బ్రదర్లు నవ్వి ఊరుకునేవారు.

బడి తెరిచేనాటికి ఇంకా హైదరాబాదు రాష్ట్రమే. మరుసటి ఏడు నవంబరు ఒకటిన ఆంధ్రప్రదేశ్ వచ్చింది. 1959లో హనుమకొండ దారిలో నెహ్రూ గారు రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీకి శంకుస్థాపన చేశారు. దీని ప్రభావం మన బడి మీద ఎంతో ఎవరూ లెక్క కట్టలేదు గాని, ఇంజనీరు అనే మాటను పల్లె తండ్రులు కళ్లతో చూసింది అక్కడే. "బిడ్డా, ఈ బడి గట్టెక్కితే ఆ కాలేజి కనవడ్తది" అని మా బాపు చెయ్యెత్తి చూపించాడు. మధ్యలో ఎన్ని గట్లున్నయో ఆయనకు తెలియదు!

ఇక డబ్బు. బోర్డింగు ఫీజు వర్షాధారపు సేద్యంతో కట్టలేరు. 1963 జులైలో పోచంపాడు దగ్గర గోదావరి మీద నెహ్రూ గారే పునాదిరాయి వేశారు. అక్కడ మొదలైన కాకతీయ కాలువ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల వైపుగా వచ్చి 146వ కిలోమీటరు దగ్గర కరీంనగర్‌లోని దిగువ మానేరును కలుస్తుంది, అక్కడి నుంచి వరంగల్ వైపు సాగి 284వ కిలోమీటరు దాకా పోతుంది. పటం మీద పెట్టి చూడండి. కోరుట్ల పిల్లవాడు ట్రంకు పెట్టెతో ఆర్టీసీ బస్సెక్కి జగిత్యాల, కరీంనగర్, హుజూరాబాద్, హనుమకొండ మీదుగా కాజీపేటలో దిగిన దారి ఇంచుమించు అదే. నీళ్లు వచ్చిన ఊళ్లో వరి, పసుపు, చెరకు. పసుపు అమ్మిన నెలలోనే మా ఇంట్లో ఫీజు మాట వచ్చేది. ఆ తర్వాత దుబాయి డ్రాఫ్టులు వచ్చాయి. జగిత్యాల, కోరుట్లల నుంచి గల్ఫుకు పోయిన నాయిన పంపిన డబ్బుతో చదివినవాళ్లు నా వెనక బ్యాచుల్లో చాలామంది.

మరో కారణం గురించి మన సంచికల్లో ఎవరూ రాయరు. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో రైతు కూలీల జైత్రయాత్ర జరిగింది. వెట్టి మీద, దొరల పెత్తనం మీద వేల మంది కదిలారు. ఆ అక్టోబరులోనే ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. గడీలు ఖాళీ అయి దొరల కుటుంబాలు పట్నాలకు చేరాయి. ఇటు పోలీసు క్యాంపులు, అటు దళాలు, నడుమ ఊళ్లు. నేనప్పుడు నాలుగో తరగతి. పిల్లవాణ్ణి దూరంగా పెట్టడం దొరకూ కావలసి వచ్చింది, ఆ దొర కింద నలిగిన రైతుకూ కావలసి వచ్చింది. ఇద్దరి కొడుకులూ ఒకే వరసలో ఇనుప మంచాల మీద పడుకున్నారు. ఊళ్లో అది జరిగే పని కాదు. ఆ సంగతి మేం మాట్లాడుకోలేదు, సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒకరి గడపకు ఒకరం పోలేదు కూడా.

రాలేనివాళ్ల సంగతీ ఈ చరిత్రలోదే. సిరిసిల్ల సాంచెల మీద రాత్రింబగళ్లు పనిచేసిన పద్మశాలి ఇళ్ల పిల్లలు మా బ్యాచుల్లో అరుదు. బతుకుదెరువు కోసం భివండి, సోలాపురం, సూరత్ పోయిన నేత కుటుంబాల పిల్లలు మరాఠీలోనో గుజరాతీలోనో చదివారు, లేదా చదవలేదు. కోరుట్లలో బీడీలు చుట్టిన అవ్వల బిడ్డలు సర్కారు బడికి పోయారు, ఆడపిల్లలు పదేళ్లకే చేట ముందు కూర్చున్నారు. రాజ్యాంగం 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు సొంత విద్యాసంస్థలు నడుపుకొనే హక్కు ఇచ్చింది, ఆ హక్కుతో నడిచిన బడుల లాభం ఎక్కువగా అందింది మాత్రం ఫీజు కట్టగలిగిన మాలాంటి ఇళ్లకు. 1971లో పి.వి. నరసింహారావు గారి చొరవతో సర్వేలులో మొదలైన సర్కారు గురుకులం ఆ ఖాళీలో కొంత పూడ్చింది. ఆయనా మన జిల్లా వంగరవారే.

తెలుగు సంగతి కూడా చెప్పాలి. ఆ కాలపు ఇంగ్లీషు మీడియం బడుల్లో ఎక్కడ చూసినా తరగతిలో తెలుగు మాట్లాడొద్దనే నియమం ఉండేది. మా వైపు పిల్లలకు ఇంకో చిక్కు. పుస్తకంలోని తెలుగూ మాది కాదు. 'వెళ్లాడు' అని రాసి, 'పోయిండు' అని మాట్లాడి, 'హి వెంట్' అని అప్పజెప్పాం. ముగ్గురు మేస్త్రీలు కట్టిన గోడలాగా మా భాష తయారైంది, నిలబడింది గాని.

1985లో మండలాలు వచ్చాక, గల్ఫు డబ్బు పెరిగాక, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లిలలోనే ఇంగ్లీషు మీడియం బడులు పుట్టుకొచ్చాయి. 'సెయింట్' అని పేరు పెట్టుకున్నవాటిలో చాలావాటికి ఏ చర్చితోనూ సంబంధం లేదు. ఆ మాటకు మన బడి వంటివి తెచ్చిన నమ్మకం అటువంటిది. దూరపు బోర్డింగు అవసరం తగ్గిపోయింది. 2016లో జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలే అయ్యాయి. 2017కల్లా పెద్దపల్లి నుంచి కరీంనగర్, జగిత్యాల మీదుగా నిజామాబాదుకు రైలు దారి పూర్తయింది. మా చిన్నప్పుడు ఆ రైలుంటే ట్రంకు పెట్టెలు బస్సు టాపు మీదికి ఎక్కించే హమాలీలకు బాపు రూపాయి రూపాయి లెక్కపెట్టి ఇచ్చేవాడు కాదు.

మన సంఘంలో ఆ మూడు ఊళ్ల వైపు వాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. మీ ఇంట్లో ఆనాటి ఫీజు రసీదులు, ఇన్‌లాండు లెటర్లు, మనియార్డరు కూపన్లు ఉంటే పారేయకండి. ఎవరు చేర్పించారో, ఏ పంట అమ్మి కట్టారో, ఇంటి దగ్గర ఏ చెల్లె చదువు ఆగిందో రెండు పేజీలు రాసి సంఘానికి ఇవ్వండి. మా ఇంట్లో దొరికిన మూడు కూపన్ల మీద మా బాపు రాత ఉంది, ఒకటి ఉర్దూలో.