కంచెకు కావలి యెవరు? - మారిషసు దీవి రక్షకభట చరిత్రము

కంచెయే చేను మేసినచో నిక చెప్పుకొనుట కెవ్వరున్నారని మన పల్లెలలో నొక సామెత కలదు. చేనుకు కంచె యక్కరలేదని యీ సామెతకు తాత్పర్యము కాదు. కంచె లేని చేను పశువుల పాలగును. కాని కంచెను నాటిన పిమ్మట దానిపై గూడ నొక కన్ను వేసియుండవలయునని మన పెద్దలు గ్రహించిరి. రాజ్యమునకు రక్షకభటు లట్టి కంచె. వారిపై కన్ను వేయువా రెవరను ప్రశ్నకు పెద్ద దేశముల చరిత్రలలో సమాధానము వెదకుట కష్టము. అచ్చట సంగతులు విస్తారములై చిక్కువడి యుండును. చిన్న దేశపు చరిత్రలో నదే ప్రశ్న యద్దములో వలె స్పష్టముగా గానవచ్చును. అట్టి దేశము మారిషసు. తెలుగువారి చెమటయు కన్నీరును గూడ నా నేలలో నింకియుండుటచే ఆ చరిత్రము మనకు బొత్తిగా పరాయిది కాదు.

మారిషసు హిందూమహాసముద్రములో మడగాస్కరునకు తూర్పున నున్న చిన్న దీవి. దాని వైశాల్యము సుమారు 2,000 చదరపు కిలోమీటరులు. జనసంఖ్య 12 లక్షలకు కొంచెము మించును. ఆంగ్లేయులు 1810లో దీనిని ఫ్రెంచివారినుండి గెలుచుకొనిరి. 1835లో అచ్చట బానిసత్వము రద్దయ్యెను. విముక్తులైన బానిసలు చెరకు తోటలలో నిలువ నొల్లరైరి. అందుచే తోటదొరలు భారతదేశమువైపు చూచిరి. 1834 నవంబరు 2వ తేదీన 36 మంది భారతీయులు ఒడంబడిక కూలీలుగా పోర్టులూయీ రేవున దిగిరి. నాటినుండి 20వ శతాబ్ది మొదటి దశాబ్దము వరకు అట్లు వచ్చినవారు నాలుగున్నర లక్షలకు పైబడిరి. తూర్పు తీరమందలి కోరంగి రేవునుండి యోడ లెక్కి పోయిన తెలుగువారికి ఆ రేవు పేరే జాతినామమై, వారిని కోరంగీలని పిలిచిరి.

ఒడంబడిక గడువు ముగిసిన కూలీలకు ‘పాత వలసవారు’ అని పేరు. వారు చట్టప్రకారము స్వతంత్రులు: తమ యిష్టము వచ్చినచోట పని చేసికొనవచ్చును, చిన్న వ్యాపారము సాగింపవచ్చును, ఏ పనియు లేక యింట కూర్చుండవచ్చును. కాని కూలీలు స్వేచ్ఛగా తిరిగినచో కూలి రేట్లు పెరుగునని తోటదొరలకు భయము. దొంగతనములు పెరుగుచున్నవని పట్టణవాసులకు భయము. 1866, 1867 సంవత్సరములలో మలేరియా జ్వరము దీవి నంతటిని పీడింపగా ఆ భయము లింకను హెచ్చెను. భయ మెచ్చటనో చట్ట మచ్చటనే పుట్టును. బార్కిలీ గవర్నరుగా నున్న కాలమున 1867లో నొక కూలి చట్టము వచ్చెను. దాని ప్రకారము పాత వలసవాడు తన ఛాయాచిత్రము గల చీటిని, రక్షకభటు లిచ్చిన పాసును ఎల్లప్పుడు వెంట నుంచుకొనవలయును. ఒక జిల్లానుండి మరియొక జిల్లాకు పోయినచో పాసును మార్పించుకొనవలయును. చీటి పోయినదా, రుసుము చెల్లించి క్రొత్తది పుచ్చుకొనవలయును. చీటి లేనివాడు దేశదిమ్మరి, దేశదిమ్మరికి చెర.

ఈ చట్టమందలి యన్యాయ మెట్టిదో పాఠకులు కొంచెము ఆలోచింపవలయును. దొంగతనము చేసినవానిని పట్టుకొనుటకు సాక్ష్యము కావలయును. చీటి లేనివానిని పట్టుకొనుటకు సాక్ష్యముతో పని లేదు. త్రోవలో నిలిపి చేయి చాపిన చాలును. ఇట్లు నేరమును వెదకవలసిన భటుడు మనుష్యుని వెదక మొదలుపెట్టెను. భటులు గుంపులుగా బయలుదేరి దారిని బోవు కూలీలను పట్టుకొనుట ఆ దినములలో వేట యనియే ప్రసిద్ధి కెక్కెను. పట్టువడినవాని మొర నాలకింపవలసిన న్యాయాధిపతులు తోటదొరలతో పొత్తు గలవారు. ఇక కూలి యెవరితో చెప్పుకొనును?

చెప్పుకొనుట కొకడు దొరకెను. అడాల్ఫు దె ప్లెవిట్సు అను నతడు పారిసులో బుట్టి మారిషసులో స్థిరపడినవాడు. తన మామగారి తోటను చూచుచుండెను. దొరల వర్గములో నుండియు నతడు కూలీల బాధలను తన కన్నులతో చూచి సహింపజాలక, వారి పక్షమున నొక మహజరు సిద్ధపరచెను. 1871లో 9,401 మంది పాత వలసవారు దానిపై వ్రాళ్లు చేసిరి. అక్షరము ముక్క రానివా రనేకులు, పట్టువడుదుమను భయముతో బ్రదుకువారు, తమ పేరులను ప్రభుత్వము ముందు పెట్టుటకు సాహసించిరి. ఆ సాహసమే ఈ కథకు ప్రాణము. తోటదొరలు మండిపడిరి. ప్లెవిట్సును వీథిలో కొట్టిరి. దీవినుండి వెడలగొట్టుమని గవర్నరును కోరిరి. గవర్నరు ఆర్థరు గార్డను అందుల కంగీకరింపక, విచారణ జరుపుమని పై ప్రభుత్వమునకు వ్రాసెను. ఫ్రియరు, విలియంసను అను నిరువురితో నేర్పడిన రాజకీయ విచారణ సంఘము 1872లో దీవికి వచ్చి, 1875లో తన నివేదికను వెలువరించెను. మహజరులోని ఫిర్యాదులు చాలవరకు నిజములేయని తేలెను. 1878లో క్రొత్త కూలి చట్టము వచ్చెను.

ఇది విజయమే గాని అసంపూర్ణ విజయము. విచారణ సంఘము వచ్చెను, తప్పు నెన్నెను, ఓడ యెక్కి పోయెను. మరునాడు కూలిని కొట్టినచో వినుటకు శాశ్వతమైన చెవి యొక్కటియు దీవిలో నిలువలేదు. దీని ఫలము తరువాతి తరములు అనుభవించెను. 1937లో చెరకు ధర తగ్గించుటపై చిన్న రైతులును కూలీలును అలజడి చేయగా, యూనియను ఫ్లాకు తోటలో తుపాకులు ప్రేలి నలుగురు మరణించిరి. పిమ్మట హూపరు అధ్యక్షతను విచారణ సంఘము. 1943 సెప్టెంబరు 27వ తేదీన బెల్‌వ్యూ హారెలు తోటలో కూలి హెచ్చింపు గోరిన జనముపై పోలీసులు కాల్పులు జరిపిరి. చనిపోయినవారిలో ఆంజలై కూపెను అను గర్భవతి యుండెను. పిమ్మట మూడీ అధ్యక్షతను మరల విచారణ సంఘము. రక్తము ముందు, విచారణ వెనుక: ఇదియే యా దీవి యాచారమయ్యెను.

1968 మార్చి 12వ తేదీన మారిషసు స్వతంత్రమయ్యెను. సైన్యము నేర్పరుచుకొనక, దేశరక్షణ భారమును గూడ రక్షకభటశాఖకే యప్పగించుట యా దేశపు విశేషము. రాజ్యాంగములో ప్రాథమిక హక్కులు చేర్చిరి, హింసను నిషేధించిరి, ప్రజల ఫిర్యాదులు వినుటకు అంబుడ్స్‌మన్ అను నధికారిని గూడ నేర్పరచిరి. 1995లో మరణదండనను రద్దు చేసిరి. కాగితముపై నిన్ని రక్షణలు గల చిన్న దేశములు తక్కువ.

అయినను 1999 ఫిబ్రవరిలో కాయా యను పేరుతో ప్రఖ్యాతుడైన గాయకుడు, గంజాయి త్రాగెనను నేరముపై నిర్బంధింపబడి, పోర్టులూయీ నగరమందలి లైన్ బారక్సు కొట్టులో మృతుడై కనబడెను. ఆయన బానిసల సంతతివారగు క్రియోలు జనులకు ప్రీతిపాత్రుడు. దేశమంతట అల్లరులు చెలరేగెను. మరికొందరి ప్రాణములు పోయెను. మరణకారణమును గూర్చి వైద్యుల యభిప్రాయములు భిన్నించెను. ఆ మరణమునకు ఏ భటునికిని శిక్ష పడలేదు. రాజ్యాంగములోని వాక్యము కొట్టు తలుపు దాటి లోనికి పోలేదని ప్రజలు గ్రహించిరి.

మానవ హక్కుల సంరక్షణ చట్టము 1998లోనే వచ్చియుండెను. దాని ప్రకారము 2001లో జాతీయ మానవ హక్కుల సంఘము పని మొదలుపెట్టెను. 2003లో ఉద్యోగి చేయు హింసను ప్రత్యేక నేరముగా శిక్షాస్మృతిలో చేర్చిరి. చెరసాలలను, నిర్బంధపు కొట్లను చూచి వచ్చుటకు 2012లో చట్టము చేసిరి. 2016 చట్టముచే స్వతంత్ర పోలీసు ఫిర్యాదుల సంఘ మేర్పడి, 2018లో పని కుపక్రమించెను. 1875లో ఓడ యెక్కిపోయిన చెవి యిట్లు తుదకు దీవిలో కాపుర ముండుటకు వచ్చెను.

చెవి యుండినంతమాత్రమున న్యాయము కలిగెనా? 2022లో పోలీసులు అనుమానితులను చిత్రహింస పెట్టుచున్నట్లు చూపు చలచిత్రములు బయటబడి జనులను కలవరపెట్టెను. ఫిర్యాదుల సంఘము విచారించి సిఫారసు చేయగలదు గాని స్వయముగా దండింపజాలదు. పూర్తి సాక్ష్యము లేకుండనే ‘తాత్కాలిక అభియోగము’ మోపి మనుష్యుని నిర్బంధించు పద్ధతియు బహుకాలము విమర్శకు గురియగుచు వచ్చెను. ముందు పట్టుకొని, పిదప సాక్ష్యము వెదకు నీ పద్ధతిలో 1867 నాటి చీటి నీడ కనబడుట లేదా?

ఇందు పోలీసుల దోషమును మాత్రమే యెన్నుట న్యాయము కాదు. మాదకద్రవ్యముల వ్యాపార మా దీవిని నిజముగనే పీడించుచున్నది. పిల్లలు చెడిపోవుచుండగా తలిదండ్రులు కఠినమైన కావలిని గోరుట సహజము. కాని కొట్టుటచే పుట్టిన యొప్పుకోలు నేరస్థుని చూపదు. కొట్టినవాడు వినగోరిన పేరును మాత్రమే పలుకును. నిజమైన నేరస్థుడు వీథిలో నిశ్చింతగా తిరుగుచుండును. కాబట్టి భటునిపై నిఘా యుంచుట దొంగకు మేలు చేయుట కాదు. ఇంటింటి తలుపునకు గట్టి గడియ వేయుటయే.

మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో నాటి వలసవారి ఛాయాచిత్రములు నేటికిని భద్రముగా నున్నవి. మనుష్యుని పట్టుకొనుటకై తీసిన చిత్రములవి. నేడు మునిమనుమలు వచ్చి వానిలో తమ ముత్తాత ముఖమును వెదకికొనుచున్నారు. ప్రభుత్వము సంఖ్యగా చూచిన ముఖమును కుటుంబము మనుష్యునిగా చూచుచున్నది. ఆ చూపు ఠాణాలోనికి గూడ ప్రవేశించిననాడే యే దేశముననైనను సంస్కరణ పూర్తియైనదని చెప్పవచ్చును. దొంగ దొరకెనని వీథిలో కేక విన్నపుడు, కొట్టుడని యనక, విచారింపుడని యను గృహము లెన్ని యున్నవో ఆ దేశములో కంచెకు కావలివా రంతమంది యున్నట్లు.