వరంగల్ జంపఖానా నేతలో నమ్మకం పాత్ర

పని అప్పగించేవారికీ చేసేవారికీ మధ్య నమ్మకం ఎంత పని చేస్తుందో వరంగల్ కొత్తవాడ జంపఖానాల నేతలో స్పష్టంగా కనిపిస్తుంది. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ నేతలో సహకార సంఘమో, మాస్టర్ వీవరో నూలు ఇస్తే, నేతకారులు చాలావరకు ఇంటి మగ్గం మీదే నేసి, సరుకు అప్పగించి కూలి తీసుకుంటారు. ఇదే నగరంలో 1934లో వెలసిన ఆజంజాహి మిల్లులో కార్మికులు ఒకే కప్పు కింద, పర్యవేక్షకుల కళ్లెదుట పనిచేశారు. ఇంటింటికీ అలాంటి కాపలా పెట్టాలంటే ఆ ఖర్చును జంపఖానా ధర మోయలేదు.

తక్కెడ ఉండగా నమ్మకమెందుకని అడగవచ్చు. ఇచ్చిన నూలునూ తెచ్చిన సరుకునూ తూచవచ్చు, నిజమే. కానీ తరుగు కింద ఎంత పోయింది, పేకను చివరిదాకా ఒకే బిగువున కొట్టారా అన్నవి తూకానికి పూర్తిగా దొరకవు. అక్కడ నేతకారుల మాటే ఆధారం. మరో అభ్యంతరం మరింత బరువైనది: ముందు ఇచ్చిన బాకీతో మనిషిని కట్టిపడేసి దానికే నమ్మకమని పేరు పెడతారని. ఆ మాట కొట్టిపారేయదగ్గది కాదు. బాకీ వల్ల కదలలేని మనిషి విధేయతను నమ్మకంగా లెక్కించకూడదు. యజమాని నేతకారుణ్ణి నమ్మినట్టే, నేతకారుడూ యజమాని లెక్కను నమ్మగలగాలి. అందుకు తూకం నేతకారుడి ఎదుటే వేయాలి, తరుగు ముందే ఒప్పుకోవాలి, కూలి చెప్పిన రోజున చేతికందాలి.